సంఘ గిడ్డంగులకు ఏ కప్పు మేలు?

మన సహకార సంఘములలో కొన్నిటికి సొంత గిడ్డంగులు కలవు; లేనివి కట్టుకొన యత్నించుచున్నవి. సహకార రంగమున ధాన్యపు నిల్వశాలలు నిర్మించు పథకమును 2023 సం. మే 31వ తేదీన కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన నాటినుండి ఈ విషయము సంఘముల సమావేశములలో తఱచు చర్చకు వచ్చుచున్నది. స్థలము, పునాది, గోడలను గూర్చి సభ్యులు చాలసేపు వాదింతురు. కప్పు మాటకు వచ్చునప్పటికి ప్రొద్దు గూకును; "ఎవరు తక్కువకు వేయుదురో వారికే యిండు" అని తీర్మానించి లేచిపోవుదురు. ఇది తగదని చెప్పుటకే ఈ వ్యాసము.

గోడ బీట వాఱినచో ఎల్లరకును కనుపించును. కప్పు కారుట మాత్రము బస్తా విప్పునంతవఱకు కనుపించదు. వేయి బస్తాల వడ్లు గల గిడ్డంగిలో నూటికి ఒక్క బస్తా నాని చెడినను పది బస్తాలు పోయినట్లే. ఆ పది బస్తాలును సంఘమువి కావు, నమ్మి తెచ్చి యుంచిన సభ్యునివి. ఒక్కయేడు ఇట్లు జరిగినచో మఱుసటి యేడు అతడు తన పంటను కళ్ళములోనే వ్యాపారికి అమ్మివేయును. కావున కప్పును గూర్చిన తీర్మానము సంఘము పరపతిని గూర్చిన తీర్మానమే యని మా యభిప్రాయము.

కప్పు చేయవలసిన పనులు

కప్పు వానను ఆపవలెనని ఎల్లరు ఎఱుగుదురు. అదిగాక దానికి మఱి మూడు పనులు కలవు. గాలికి లేచిపోక నిలువవలెను. ఎండ వేడిమిని లోపలికి దింపరాదు. లోపలి చెమ్మ బొట్లుగా మాఱి సరకుపై రాలకుండునట్లు చూడవలెను. ఈ నాలుగు పనులను సమానముగా చేయు కప్పు ఏదియు లేదు. ఒకటి వానకు గట్టిది, ఎండకు చెడ్డది. వేఱొకటి ఎండకు మంచిది, గాలికి బలహీనమైనది. మన ఊరిలో ఏ బాధ హెచ్చో తెలిసికొని దానికి తగిన కప్పును ఎన్నుకొనుటయే వివేకము.

నిల్వయుంచు సరకును బట్టియు కప్పును ఎంచవలెను. వడ్లు తేమ నూటికి 14 పాళ్ళు మించకయున్న చెడక నిలుచును. వేరుసెనగకు నూటికి 8 పాళ్ళ తేమయే హద్దు. చెమ్మ తగిలినచో విషము పుట్టించు బూజు దానికి పట్టును. యూరియా తేమగాలిని పీల్చి గడ్డకట్టును. విత్తనముల సంగతి మఱింత సున్నితమైనది. విత్తనపు తేమ నూటికి ఒక పాలు తగ్గినను, నిల్వయుంచు చోటి వేడిమి 5 డిగ్రీలు తగ్గినను విత్తనపు ఆయువు దాదాపు రెట్టింపగునని హారింగ్టన్ అను శాస్త్రజ్ఞుడు చెప్పిన సూత్రము ప్రసిద్ధము. అనగా విత్తనముల గదికి చల్లని కప్పు వేయుట అలంకారము గాదు, మొలక శాతమును కాపాడుకొనుటయే.

వాలు కప్పులు

మొదట పెంకును గూర్చి చెప్పుదుము. 1865లో బాసెలు మిషను వారు మంగుళూరున పెంకుల కర్మాగారము నెలకొల్పిన పిమ్మట ఆ పెంకు దక్షిణ దేశమంతట వ్యాపించినది. నాటు పెంకుకంటె ఇది తేలిక. ఒకదానితో ఒకటి అతుకుకొను గాడులు దీనికి కలవు. చట్రముతో కలిపి చదరపు మీటరునకు సుమారు 65 కిలోల బరువుండును. రెండడుగులకు ఒక అడుగు చొప్పున వాలు ఇచ్చినచో వాన నిలువక జాఱిపోవును. పెంకుల సందులగుండ గాలి ఆడును గాన లోపల చల్లగా నుండును, చెమ్మ పట్టదు. ఒక పెంకు పగిలినచో ఆ యొక్కదానిని మార్చిన చాలును.

దాని దోషములును చెప్పవలెను. ఆ సందులనుండియే ఎలుకలు, పిచ్చుకలు దూరును. కోతులు తిరుగు ఊళ్ళలో పెంకు నిలుచుట దుర్లభము. ఒక్క కోతిమంద ఒక్క పూటలో కప్పునంతను కదలించి పోవును. దొంగ పెంకులు తీసి లోనికి దిగుట సులభము. వెడల్పుగల గిడ్డంగికి కావలసిన మంచి కలప నేడు దొరకుట కష్టము, ధర అధికము. ఇనుప గొట్టములతో చట్రము కట్టవచ్చును గాని ఖర్చు రేకుల కప్పును మించును. కావున చిన్న కార్యాలయమునకును పాల కేంద్రమునకును పెంకు మంచిదే గాని, పెద్ద గిడ్డంగికి తగదు.

రెండవది సిమెంటు రేకు. చవుక, తుప్పు పట్టదు, ఇనుప రేకుకన్న ఎండకు కొంచెము మేలు. ఈ కారణములచే మన గ్రామములలో ఇది బహుళముగా వాడుకలోనికి వచ్చినది. అయితే వీనిలో పెక్కింటి యందు ఆస్బెస్టాసు అను నారరాయి కలియును. రేకును కోసినను, బెజ్జము వేసినను, పగులగొట్టినను కంటికి కానరాని నార గాలిలో లేచి ఊపిరితిత్తులలో చేరును. పుండు వ్యాధియు (క్యాన్సరు) తక్కిన శ్వాసకోశ వ్యాధులును ఇరువది, ముప్పది యేండ్ల పిమ్మట బయటపడును. ఆస్బెస్టాసులో ఏ రకమైనను క్యాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టముగా చెప్పినది. ఐరోపా సమాఖ్య దేశములలో 2005 నుండి దీని వాడుక నిషిద్ధము. ఆస్బెస్టాసు లేని సిమెంటు రేకులు ఇప్పుడు అమ్మకమునకు కలవు గాన, సిమెంటు రేకే కావలెనన్న సంఘము ఆ రకమునే వ్రాతపూర్వకముగా కోరవలెను.

పాత ఆస్బెస్టాసు రేకులున్న సంఘములు భయపడి వానిని పగులగొట్టి దింపరాదు. కదలక, చెక్కుచెదరక యున్న రేకువలన అపాయము తక్కువ. తీయవలసి వచ్చినప్పుడు నీరు చల్లి తడిపి, ముక్కునకు తగిన ముసుగు కట్టుకొని, పగులకుండ దింపవలెను. ఆ ముక్కలను దారి గుంతలలో పోయుట కూడదు. మఱియొక హెచ్చరిక: సిమెంటు రేకు మనిషి బరువునకు ఓర్వదు. బాగుచేయ నెక్కువారు రేకుపై నేరుగా అడుగు పెట్టరాదు. చట్రముపై ఆనునట్లు పలకలు పఱచుకొని వాని మీదనే నడువవలెను.

మూడవది ఇనుప రేకు. జింకు పూత గలదానిని జింకు రేకందుము. ఇప్పుడు జింకుతో అల్యూమినియము కలిపిన పూతయు, దానిపై రంగును గల రేకులు విరివిగా వచ్చుచున్నవి. అర మిల్లీమీటరు దళసరి గల రేకు చదరపు మీటరునకు 5 కిలోలకు మించదు. అంత తేలిక గనుకనే స్తంభములు లేకుండ పెద్ద వెడల్పును కప్పవచ్చును, పని కొలది దినములలో ముగియును. జింకు పూత యుండుటలోని మర్మ మేమనగా, గీటు పడిన చోట ఇనుమునకు బదులు జింకు తానే ముందుగా క్షయించి ఇనుమును కాపాడును. పూత ఎంత మందమో రేకు ఆయువు అంత. చదరపు మీటరునకు రెండు ప్రక్కల కలిపి 120 గ్రాముల జింకు గల రేకును, 275 గ్రాముల జింకు గల రేకును చూచుటకు ఒక్క తీరుననే యుండును. ధరలోను ఆయువులోను తేడా మిక్కిలి. సముద్రతీరమున ఉప్పుగాలి వీచు చోట, ఎరువుల గిడ్డంగి యందును, తక్కువ పూత రేకు కొనుట డబ్బు పాఱవేయుటయే. గేజి సంఖ్య పెరుగుకొలది రేకు పలుచనగునన్న సంగతియు సభ్యులు జ్ఞాపకముంచుకొనవలెను.

ఇనుప రేకునకు రెండు పెద్ద దోషములు కలవు. ఒకటి ఎండ వేడిమి. రెండవది, పలువురు గమనింపనిది, చెమట. రాత్రివేళ ఆకాశమునకు వేడిమిని వదలి రేకు చుట్టునున్న గాలికంటె చల్లబడును. బస్తాలనుండి లేచిన ఆవిరి ఆ చల్లని రేకు అడుగున తగిలి నీటిబొట్టై రాలును. వాన లేని నాడును పై వరుస బస్తాలు తడిసియుండుటకు ఇదియే హేతువు. మేస్త్రీ వచ్చి రంధ్రము కొఱకు వెదకి, కానక, ఊరక తారు పూసి పోవును. చెమట మాత్రము ఆగదు. దీనికి మందు గాలి యాడునట్లు చేయుటయే. చూరు క్రిందను శిఖరమునను వలవేసిన గాలి కిటికీలు పెట్టి, పొడి దినములలో తెఱచి, ముసురు దినములలో మూయవలెను. శక్తి గల సంఘము రేకు క్రింద వేడిమి నాపు పొరను వేయించుట మేలు. బస్తాల వరుసకును కప్పునకును నడుమ ఒక మీటరు ఎడముండవలెను. ధాన్యమును ఎండినవెంటనే వేడిగా లోన పేర్చరాదు.

గాలి లెక్క

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన తుపానును, 2014 అక్టోబరు 12న విశాఖపట్టణమును తాకిన హుద్‌హుద్ తుపానును మన తీరప్రాంతపు రైతులు మఱువలేదు. హుద్‌హుద్ నాడు గాలి గంటకు 180 కిలోమీటర్ల వేగమున వీచినది. ఆ వేగమున గాలి చదరపు మీటరునకు సుమారు 150 కిలోల బరువునకు సమానమైన ఒత్తిడి కలిగించును. కప్పుపై అది త్రోయుట గాక పైకి లాగును. అంచులయందు ఆ లాగుడు మఱింత హెచ్చు.

ఇప్పుడు బరువులు పోల్చి చూడుడు. ఇనుప రేకు 5 కిలోలు, సిమెంటు రేకు సుమారు 16 కిలోలు, పెంకు 65 కిలోలు, 12½ సెంటీమీటర్ల కాంక్రీటు మిద్దె 300 కిలోలకు పైబడి. కాంక్రీటు తన బరువుచేతనే నిలుచును. పెంకులు లేచిపోవును. రేకు నిలుచుట దాని బరువుచే గాదు, మరలచేతనే. 10 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల పొడవు గల గిడ్డంగి కప్పును అట్టి గాలి మొత్తముమీద సుమారు 30 టన్నుల బలముతో పైకి లాగును. ఆ లాగుడును మరలు చట్రమునకు, చట్రము గోడకు, గోడ పునాదికి అందింపవలెను. గొలుసులో ఒక్క కొండి బలహీనమైనను కప్పు పోవును. అందుచేత దూలములను గోడపై ఊరక ఆన్చక, గోడలోని కాంక్రీటు పట్టీలో పాతిన బోల్టులకు బిగింపవలెను. అంచు వరుసలలో మరలు దగ్గఱదగ్గఱగా వేయవలెను. రేకు ముడుత యొక్క ఎత్తైన భాగముననే మర బిగించి, క్రింద రబ్బరు బిళ్ళ వేయవలెను; పల్లమున వేసినచో పాఱు నీరంతయు ఆ రంధ్రముపైనే పోవును. గాలివాన సూచన రాగానే తలుపులు, కిటికీలు గట్టిగా మూయవలెను. ఏలయన, గాలి ఎదుటి తలుపున లోని కెక్కినచో క్రిందినుండి కప్పును త్రోయును. పైలాగుడును ఈ త్రోపును ఒక్కటై చేరును.

చదును కప్పులు

కోస్తాలో డాబా యనియు సీమలో మిద్దె యనియు పిలుచు చదును కప్పు మన దేశమున ప్రాచీనమైనది. అనంతపురము, కర్నూలు ప్రాంతముల మట్టి మిద్దెలు దీనికి మొదటి రూపము. దూలములపై దంతెలు పఱచి, పుల్లలు కప్పి, పైన చవుడు మన్ను వేయుదురు. చవుడు మన్నునే యేల వేయుదురన, దానిలోని ఉప్పుగుణముచే బంకమట్టి రేణువులు తడిసిన తోడనే విడిపోయి సందులను పూడ్చివేయును. పిమ్మట నీరు దిగదు. ఏ పొలమున చవుడు పైరును చంపునో, ఆ చవుడే ఇంటిని కాపాడుచున్నది. వాన తక్కువగు సీమకు ఇది చల్లని, చవుకయైన కప్పు. కాని యేటేటా మన్ను వేయుటచే బరువు పెరిగి దూలములు వంగును. పెద్దవాన నాలుగు దినములు కురిసినచో కూలుటయు కలదు. సంఘపు సరకునకు దీనిని నమ్మరాదు.

నాపరాళ్ళు దొరకు బేతంచెర్ల, తాండూరు, మాచర్ల ప్రాంతములలో రాతి బండలను దూలములపై పఱచి మిద్దె వేయుటయు వాడుక. బండ చెడదు, అతుకులే కారును. అతుకులు సున్నముతో నింపి, పైన గచ్చు వేసినచో బహుకాలము నిలుచును.

మద్రాసు టెర్రసు అను పద్ధతి పాత కచేరీలలోను, బడులలోను నేటికిని చూడవచ్చును. టేకు దూలములపై సన్నని ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరుసలలో సున్నముతో అతికి, పైన ఇటుక కంకరయు సున్నమును కలిపి పఱచి, బెల్లపు నీరు, కరక్కాయ నీరు చల్లుచు చెక్కలతో దినముల తరబడి కొట్టుదురు. కొట్టుకొలది అందలి గాలి సందులు పోయి అది రాయివలె గట్టిపడును. ఇట్టి కట్టడము కలిగిన సంఘములు దానిని తొందరపడి పడగొట్టవలదు. దూలము చెదలు పట్టకయుండిన పైగచ్చు మాత్రము పునరుద్ధరించిన చాలును. అయితే దానిపై సిమెంటు పూయుట మంచిది కాదు. సున్నము మెత్తన, సిమెంటు బిఱుసు. రెండును ఎండకు ఒక్కతీరుగ సాగవు గాన పై పూత పగిలి లేచును. క్రొత్తగా ఈ పద్ధతిని చేయింపవలెనన్న పనివారు అరుదు.

నేడు చదును కప్పన్నచో ఇనుప చువ్వల కాంక్రీటు మిద్దెయే. దీనికి గాలి భయము లేదు, నిప్పు భయము తక్కువ, దొంగ భయము లేదు. పైన మిరపకాయలు, వడ్లు ఎండబోసికొనవచ్చును. ముందు ముందు పై అంతస్తు వేయవచ్చును. ఇన్ని గుణములుండియు కాంక్రీటు కాఱునేల? కాంక్రీటు రాయి వలె కనబడినను దానియందు సూక్ష్మమైన సందులు కలవు. పైగా ఎండకు సాగును, చలికి ముడుచుకొనును. 20 మీటర్ల పొడవు గల మిద్దె 30 డిగ్రీల వేడిమి భేదమునకు సుమారు 6 మిల్లీమీటర్లు పెరుగును. ఆ పెరుగుటకు చోటు లేనిచో గోడకును మిద్దెకును నడుమ బీట వాఱును. ఆ బీటలగుండ నీరు దిగి చువ్వలకు తగులును. తుప్పు ఇనుముకన్న రెండు మూడు రెట్లు చోటాక్రమించును గాన లోపలినుండి కాంక్రీటును పగులగొట్టి పెచ్చులుగా రాల్చును. కావున మిద్దె అడుగున పెచ్చు రాలుట గమనించినచో పెచ్చు మాత్రము పూసి ఊరుకొనరాదు. పైనుండి దిగుచున్న నీటిని మొదట ఆపవలెను.

నీరు నిలువనీయకుడు

చదును కప్పన్న మాటలో "చదును" అనునది కన్నులకు మాత్రమే. నిజముగా చదునైన కప్పు చెడ్డ కప్పు. పది మీటర్ల పొడవునకు కనీసము 10 సెంటీమీటర్ల వాలు ఉండవలెను. 15 ఉన్న మఱింత మేలు. మడి చెక్కునప్పుడు నీరు ఏ మూలకు పాఱునో మన రైతునకు చెప్పనక్కఱలేదు. ఆ చూపునే మిద్దెపైనను చూపవలెను. 200 చదరపు మీటర్ల మిద్దెపై 10 సెంటీమీటర్ల వాన కురిసినచో 20,000 లీటర్ల నీరు పడును. అది గంటలో కురిసినచో 10 సెంటీమీటర్ల వెడల్పు గల ఒక్కొక్క గొట్టము సుమారు 40 చదరపు మీటర్ల నీటినే దింపగలదు. అనగా ఐదు గొట్టములు కావలెను. మన కట్టడములలో అంత మిద్దెకు రెండేసి గొట్టములు పెట్టి, వానికిని ఆకులు అడ్డుపడనిచ్చుట మామూలు. 50 చదరపు మీటర్ల మేర 2 సెంటీమీటర్ల నీరు నిలిచినచో ఒక టన్ను బరువు కప్పుపై నిలిచినట్లు. ఇంత నీటిని వృథా పోనీక తొట్టిలోనికిగాని ఇంకుడు గుంతలోనికిగాని మళ్ళించుట మఱియు లాభకరము.

మిద్దె పైపొరలు

కాంక్రీటుపై నీరు దిగకుండ వేయు పొరలు పెక్కు రకములు. ముఖ్యమైనవి చెప్పుదుము.

ఇటుక ముక్కల గచ్చు పాతది, నమ్మదగినది. వాలును అదే తెచ్చును, వేడిమినిని తగ్గించును. కాని 10 సెంటీమీటర్ల మందము గల గచ్చు చదరపు మీటరునకు సుమారు 190 కిలోలు తూగును. పాత మిద్దె అంత బరువునకు ఓర్చునా యని ఇంజనీరుచే చూపించినగాని వేయరాదు. పాత గచ్చుపై మఱియొక గచ్చు వేయుట అసలే కూడదు.

తారు షీటు 3, 4 మిల్లీమీటర్ల మందముండును. మంటతో అడుగు కరగించి అతుకుదురు. అతుకులు ప్రక్కల 10, కొసల 15 సెంటీమీటర్లు ఒకదానిపై నొకటి రావలెను. మిద్దె తడిగా నున్నప్పుడు అతికినచో లోని తేమ ఎండకు ఆవిరియై బుడగలు లేచును. కావున వేసవిలోనే ఈ పని చేయింపవలెను. నల్లని తారు ఎండను మిక్కిలి పీల్చును, ఎండకు పెళుసెక్కును. పైన పెంకు బిళ్ళలుగాని తెల్లపూతగాని తప్పనిసరి.

బ్రష్షుతో పూయు రసాయన పూతలు ఆక్రిలికు, పాలీయురితేను మొదలగు పేర్లతో వచ్చును. ఇవి తేలిక, అతుకులు లేనివి, సాగుగుణము గలవి. చిన్న బీటలకు మంచివి. పల్లములలో నీరు నిలిచినచో ఆక్రిలికు పూత త్వరగా పాడగును. పాలీయురితేను కొంత ఓర్చును. డబ్బా మీద చెప్పిన మందమున రెండు మూడు పూతలు వేయక, ఒక్క పూతతో ముగించుటయే మన చోట జరుగు మోసము.

అమెరికా మొదలగు దేశములలో అంగళ్ళకు, కార్ఖానాలకు గల విశాలమైన చదును కప్పులపై రబ్బరు దుప్పటి వంటి ఒంటిపొరను పఱచుట 1960ల తరువాత ప్రబలినది. నల్లని ఇ.పి.డి.ఎం. రబ్బరు మొదటిది, తెల్లని టి.పి.ఓ. పొర 1990ల నుండి వచ్చినది. పెద్ద కర్మాగారములకు అవి తగును గాని, అతుకు వేయుటకు ప్రత్యేక యంత్రమును, నేర్పరులును కావలెను గాన పల్లెటూరి గిడ్డంగికి ఇప్పట్టున సిఫారసు చేయజాలము. చినిగినచో బాగుచేయువాడు ఊరిలో లేని వస్తువు ఎంత గొప్పదైనను మనకు భారమే.

పొర ఏదైనను కారుట మధ్యన తక్కువ, అంచుల హెచ్చు. పిట్టగోడ మొదట, గొట్టము నోట, కంబము చుట్టును పొరను గోడమీదికి జానెడు ఎత్తు ఎక్కించి, మూలను గుండ్రముగా తీర్పవలెను.

తెల్లని కప్పు

ఎండ వేడిమికి అన్నిటికన్న చవుకయైన మందు తెలుపు. క్రొత్త తెల్లపూత తనపై పడు ఎండలో నూటికి 70 పాళ్ళకు తక్కువ కాకుండ త్రిప్పి పంపును. నల్లని తారు నూటికి 90 పాళ్ళు పీల్చుకొనును. లోపలి వేడిమి 2 మొదలు 5 డిగ్రీల వఱకు తగ్గుట పలుచోట్ల కొలిచి చూచిన సంగతి. ఇంతకుముందు చెప్పిన విత్తనపు సూత్రమును ఇచ్చట జ్ఞప్తికి దెచ్చుకొనుడు. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమును ప్రకటించి, ప్రభుత్వ భవనములకును వాణిజ్య భవనములకును దీనిని విధించినది. సున్నపు పూత ఒక్క వానకాలమున కరగిపోవును గాన ఏటేట మాఘ ఫాల్గునములలో వేయవలెను. తెల్ల పింగాణి ముక్కలు పఱచినచో ఖర్చు హెచ్చు, మన్నిక హెచ్చు. దుమ్ము పట్టినచో తెలుపు గుణము తగ్గును. వేసవి మొదట కడుగుట మఱువరాదు. ఇనుప రేకుపైనను తెల్లని రంగే ఎన్నుకొనుడు. ఎఱుపు, నీలము చూపునకే అందము.

ఖర్చు లెక్క వేయు విధము

లెక్క వేయు పద్ధతికై ఒక ఉదాహరణము మాత్రము చూపుదుము. ఇవి ధరలు కావు. రేకుల కప్పునకు 4 లక్షలు పట్టి 15 ఏండ్లు నిలిచి, ఏటా 10,000 మరమ్మతునకు అగుననుకొందము. మిద్దెకు 9 లక్షలు పట్టి 45 ఏండ్లు నిలిచి, ఏటా 12,000 అగుననుకొందము. మొదటిదానికి ఏటికి సుమారు 36,700 రూపాయలు, రెండవదానికి 32,000. ఇంతవఱకు చూచిన మిద్దెయే చవుక. కాని ఆ 5 లక్షల తేడాను నూటికి 8 చొప్పున అప్పు తెచ్చినచో మొదటి యేటి వడ్డీయే 40,000 అధికమగును. సంఘము సొంత నిధియైనను బ్యాంకులో నున్నచో వడ్డీ తెచ్చునదే గదా. కావున "మిద్దె శాశ్వతము గాన చవుక" అను మాటయు, "రేకు తక్కువ గాన చవుక" అను మాటయు రెండును అర్ధసత్యములే. కాగితముపై మూడు అంకెలు వేయుడు: మొదటి ఖర్చునకు వడ్డీతో ఏటి వాయిదా, ఏటి మరమ్మతు, కప్పు దోషముచే ఏటా చెడు సరకు విలువ. మూడవ అంకెను వేయనివారి లెక్క తప్పగును.

మా సలహా

ఒక్క కట్టడమునకు ఒక్క కప్పే ఉండవలెనను నియమము లేదు. ధాన్యపు పెద్ద గిడ్డంగికి మంచి పూత గల తెల్లని ఇనుప రేకు, బలమైన చట్రము, గాలి కిటికీలు; విత్తనముల గదికిని, లెక్కల పుస్తకములుండు కార్యాలయమునకును తెల్లపూత గల కాంక్రీటు మిద్దె. పలు సంఘములకు ఈ జంటయే సరిపడును. తుపానులు వచ్చు తీరమున ధనశక్తి యున్నచో గిడ్డంగికిని మిద్దెయే మేలు. లేనిచో రేకు వేయుడు గాని దూలముల బిగింపు ఇంజనీరు లెక్క ప్రకారమే జరుగవలెను. సీమలోను తెలంగాణమందును ఎండయే ముఖ్యశత్రువు గాన తెల్లపూతకును గాలి యాడుటకును మొదటి స్థానమీయుడు.

పని చేయించునప్పుడు కార్యవర్గము ఈ సంగతులు గమనింపవలెను. రేకు దళసరి, పూత తూకము, పొర మందము ఒడంబడికలో అంకెలతో వ్రాయింపవలెను. వచ్చిన సరకునుండి ఒక ముక్కను సంఘమున భద్రపఱుపవలెను. మిద్దె పోసిన పిమ్మట పైన మన్నుగట్లతో మడులు కట్టి కనీసము పదునాలుగు దినములు నీరు నిలుపవలెను. నీరు త్రాగని కాంక్రీటు బలము పట్టదు. పైపొర వేసిన తరువాత గొట్టములు మూసి రెండు మూడు దినములు నీరు నిలిపి, అడుగున చెమ్మ లేదని చూచినగాని తుది సొమ్ము చెల్లింపరాదు.

పిమ్మట ఏటికి రెండుమాఱులు, తొలకరికి ముందొకసారి, వానలు వెనుకబట్టిన తరువాత నొకసారి, ఇద్దఱు సభ్యులు కప్పెక్కి చూచి పుస్తకమున వ్రాయవలెను. గొట్టముల నోట ఆకులు తీయుట, వదులైన మరలు బిగించుట, బీటలలో మొలచిన రావి మొక్కను వేరుతో పెఱుకుట అప్పుడే జరుగవలెను. వ్రేలంత రావి మొక్కను నేడు పెఱుకుట ఒక నిమిషపు పని. రెండేండ్లు ఊరకున్నచో మిద్దె బీటను వెడల్పు చేయును.

రైతులు తమ పొలము గట్టును ఏటేటా చూచుకొందురు. గట్టు తెగినచో మడి ఎండునని యెఱుగుదురు. సంఘపు కప్పును ఎల్లరది గనుక ఎవరును చూడరు. రాబోవు సర్వసభ్య సమావేశమున ప్రతి సంఘమును కప్పును చూచుటకు ఇద్దఱు సభ్యులను పేరుపెట్టి నియమింపవలెనని కోరుచున్నాము. దీనికి చందా అక్కఱలేదు, అప్పు అక్కఱలేదు. ఏటికి రెండు పూటల శ్రమ చాలును.